ఫెరెట్‌తో కుందేళ్ల వేట: వల పరచడం నుంచి గొయ్యి పూడ్చేదాకా

ఇంగ్లండ్ పల్లెల్లో చలికాలం వస్తే, ఒక భుజాన చిన్న చెక్కపెట్టె, ఇంకో భుజాన పార వేసుకుని పొలం గట్ల వెంట నడిచే మనుషులు కనిపిస్తారు. పెట్టెలో ఉండేది ఫెరెట్. యూరప్ అడవుల్లో తిరిగే పోల్‌క్యాట్ అనే జంతువును 2,000 ఏళ్లకు పైగా మచ్చిక చేసుకుంటూ వస్తే తయారైన పెంపుడు జాతి ఇది. పొడవాటి సన్నని ఒళ్లు, పొట్టి కాళ్లు, చూడగానే మన ముంగిస గుర్తొస్తుంది. కుందేలు దూరగలిగిన ప్రతి సందులోకీ ఇది దూరుతుంది.

ఈ వేట నేర్చుకోవాలనుకునేవాళ్లు మొదట ఒక మాట గట్టిగా పట్టుకోవాలి. ఫెరెట్ కుందేలును పట్టి తెచ్చివ్వదు. బొరియలోకి వెళ్లి దాన్ని బయటికి తోలుతుంది, అక్కడితో దాని పని అయిపోతుంది. పట్టేది వల, లేకపోతే కుక్క. పైన మనుషులున్నారని పసిగట్టిన కుందేలు ఎంత తోలినా బయటికి రాదు. లోపలే ఒక మూలకు చేరి, ఫెరెట్ గోళ్లను వీపున భరిస్తూ కూర్చుంటుంది. కాబట్టి పెట్టె మూత తెరవకముందే, మీరు ఎంత నెమ్మదిగా నడిచారు, ఎంత నిశ్శబ్దంగా వలలు పరిచారు అన్నదాని మీదే ఆ రోజు వేట చాలావరకు తేలిపోతుంది.

ఈ పద్ధతి చాలా పాతది. రెండు వేల ఏళ్ల కిందట స్పెయిన్ ప్రాంతంలో కుందేళ్ల బెడదకు ఇలాంటి జంతువును మూతి కట్టి బొరియల్లోకి వదిలేవారని గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. బ్రిటన్‌కు కుందేళ్లను మాంసం కోసం, బొచ్చుతోలు కోసం నార్మన్లు తెచ్చారు. వాటిని పెంచడానికి ప్రత్యేకంగా వారెన్లు కట్టి కాపలా పెట్టేవారు. నార్ఫోక్‌లోని థెట్‌ఫర్డ్ దగ్గర అలాంటి కాపలాదారుల రాతి కట్టడం ఇప్పటికీ నిలిచి ఉంది. దొంగలు కుందేళ్లు ఎత్తుకుపోతున్నారన్న భయంతో రెండవ రిచర్డ్ రాజు కాలంలో, ఏడాదికి 40 షిల్లింగుల భూమి ఆదాయం లేనివాడు ఫెరెట్ గానీ వలలు గానీ ఉంచుకోకూడదని చట్టం కూడా చేశారు. ఒకప్పుడు అంత కట్టుదిట్టంగా కాపాడిన కుందేలే ఇప్పుడు పైరు తినే పీడగా లెక్క. 1954 నాటి పెస్ట్స్ యాక్ట్ ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లలో దాదాపు అన్నిచోట్లా కుందేళ్లను అదుపులో ఉంచే బాధ్యత భూమి సాగుచేసేవాళ్లదే.

మన తెలుగు రాష్ట్రాల్లో ఈ పని చేయాలని మాత్రం ఎవరూ అనుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి కుందేలును వేటాడటం నేరం. పైగా మన చేలల్లో తిరిగే కుందేలు వేరే జాతి, అది బొరియ తవ్వదు, గడ్డి దుబ్బుల చాటున పడుకుంటుంది. బొరియ లేనిచోట ఫెరెట్‌కు పనే లేదు. బ్రిటన్ పల్లెల్లో స్థిరపడి, పక్క రైతుతో పరిచయం పెంచుకుని ఈ వేట నేర్చుకోవాలనుకునే తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మొదటి పని: అనుమతి

భూమి యజమాని దగ్గర కాగితం మీద అనుమతి తీసుకోండి. నోటిమాట చాలదు. ఎవరైనా చూసి పోలీసులకు ఫోన్ చేస్తే జేబులోని ఆ కాగితమే మిమ్మల్ని కాపాడుతుంది. కుక్కను తీసుకెళ్లేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. 2004 హంటింగ్ యాక్ట్ కుక్కలతో చేసే వేటను చాలావరకు నిషేధించినా కుందేళ్లకు మినహాయింపు ఇచ్చింది. భూమి మీదైనా అయి ఉండాలి, యజమాని అనుమతైనా ఉండాలి అన్నది అందులోని షరతు. స్కాట్లాండ్‌లో 2023లో వేరే చట్టం వచ్చింది, కాబట్టి ఇంగ్లండ్‌లో చెల్లేది అక్కడా చెల్లుతుందని అనుకోకండి.

నేలలో పెద్ద బొరియలు తవ్వుకుని ఉండే బ్యాడ్జర్ అనే జంతువుల గురించి కూడా ముందే చెప్పాలి. వాటి నివాసాన్ని చెడగొట్టడం 1992 చట్టం కింద జైలుదాకా తీసుకెళ్లే నేరం. కుందేలు బొరియ మూతి చిన్నగా, గుండ్రంగా ఉంటుంది. బ్యాడ్జర్‌ది వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. ముందు బండెడు మట్టి పోసి ఉంటుంది, అందులో ఎండుగడ్డి కలిసి ఉంటుంది. అలాంటి మూతి ఒక్కటి కనబడినా ఆ గట్టు వదిలేసి ముందుకు వెళ్లండి. అనుమానం ఉన్నా వదిలేయండి. అక్కడ ఫెరెట్‌ను దించితే అది బతికి రాకపోవచ్చు కూడా.

ఏ ఫెరెట్ కావాలి

మగదాన్ని హాబ్ అంటారు, ఆడదాన్ని జిల్ అంటారు. హాబ్ కిలోకు పైనే తూగుతుంది, జిల్ అందులో సగం ఉంటుంది. మొదలుపెట్టేవాళ్లకు రెండు జిల్‌లు చాలు. సన్నగా ఉండటం వల్ల అవి ఇరుకు దారుల్లో చురుగ్గా తిరుగుతాయి. కుందేలు ఎదురు తిరిగితే దాన్ని లోపలే చంపి కూర్చునే బలం వాటికి తక్కువ, అందువల్ల తోలే పని బాగా జరుగుతుంది. ఫెరెట్ నేల కింద ఎక్కడుందో చూపే లొకేటర్ పరికరాలు రాకముందు పెద్ద హాబ్‌కు తాడు కట్టి దించేవారు. అది కుందేలును చంపి ఆగినచోటు దాకా తాడు వెంబడి తవ్వుకుంటూ పోయేవారు.

రంగులో నా ఓటు తెల్లదానికే. గోధుమరంగు ఫెరెట్ ఎండిన ఆకుల్లో కలిసిపోతుంది, మసక వెలుతురులో కుక్క దాన్ని కుందేలు అనుకునే ప్రమాదం ఉంది. తెల్లది గట్టు మీద ఎక్కడ తల బయటపెట్టినా కనిపిస్తుంది.

పిల్లగా ఉన్నప్పటి నుంచే రోజూ చేతిలోకి తీసుకోండి. కరవకుండా ఉండటానికే కాదు, దానికి ఇంకో పెద్ద కారణం ఉంది. బొరియ మూతి దగ్గరికి వచ్చిన ఫెరెట్‌ను ఆత్రంగా లాగేస్తే, చేయి చూడగానే వెనక్కి జారుకోవడం అలవాటు చేసుకుంటుంది. ఆ అలవాటు పడితే ప్రతి బొరియ దగ్గరా గంటలు గంటలు పోతాయి. అది నాలుగు కాళ్లతో పూర్తిగా బయటికి వచ్చేదాకా ఆగి, మెల్లగా పైనుంచి ఎత్తుకోవాలి. ఇంటి దగ్గర ప్లాస్టిక్ పైపుల గుండా నడిపించి, ఇవతలికి రాగానే చిన్న మాంసం ముక్క ఇస్తూ ఉంటే చేతికి రావడమంటే మంచి జరగడమని నేర్చుకుంటుంది.

వేటకు ముందు పస్తు పెట్టాలని కొందరు పాతవాళ్లు చెబుతారు. వినకండి. ఆకలితో ఉన్న ఫెరెట్ కుందేలును లోపలే చంపి, తిని, అక్కడే పడుకుంటుంది. ముందురోజు సాయంత్రం మామూలుగా తిండి పెట్టి, తెల్లవారి కొద్దిగా పెడితే సరిపోతుంది. మూతి కట్టడం అంతకంటే చెడ్డ అలవాటు. లోపల ఎలుకో ఇంకో జంతువో ఎదురైతే అది ప్రాణం కాపాడుకోలేదు, ఎక్కడైనా చిక్కుకుంటే ఏమీ తినలేక చనిపోతుంది. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ జబ్బు ఫెరెట్‌ను దాదాపు కచ్చితంగా చంపుతుంది, కాబట్టి టీకా విషయం పశువుల డాక్టర్‌తో మాట్లాడండి. మన ఫ్లూ కూడా దీనికి అంటుకుంటుంది. మీకు జ్వరంగా ఉన్నప్పుడు దాని తిండీ నీళ్లూ ఇంకెవరికైనా అప్పగించండి.

కుక్క ఉండాలా, వద్దా

లేకపోయినా వేట సాగుతుంది. మంచి వలలు, ఓపిక ఉంటే చాలు. నేర్చుకునే మొదటి చలికాలం కుక్క లేకుండానే వెళ్లడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ఒకేసారి ఫెరెట్‌నూ వలలనూ కుక్కనూ గమనించడం కొత్తవాళ్ల వల్ల కాదు.

మంచి కుక్క చేసే గొప్ప మేలు పరిగెత్తి పట్టడం అనుకుంటారు చాలామంది. అంతకన్నా పెద్ద మేలు ఇంకొకటి ఉంది: ఏ బొరియలో కుందేలు ఉందో ముందే చెప్పడం. మూతి దగ్గర ముక్కుపెట్టి, చెవులు నిక్కించి, తోక బిగించి కదలకుండా నిలబడితే లోపల కుందేలు ఉన్నట్టు. వాసన చూసి పక్కకు వెళ్లిపోతే ఖాళీ. ఇరవై మూతుల గట్టుకు వలలు కట్టి, చివరికి లోపల ఏమీ లేదని తెలుసుకునే శ్రమ దీంతో తప్పుతుంది. రెండో మేలు, వల లేని రహస్య మూతి నుంచి తప్పించుకున్నదాన్ని పట్టుకురావడం.

విప్పెట్, బెడ్లింగ్టన్ అనే కుక్కజాతుల రక్తం కలిసిన లర్చర్ అనే సంకర వేటకుక్క ఈ పనికి పేరుపడ్డ రకం. టెర్రియర్లు, స్పానియల్స్ కూడా చేస్తాయి గానీ వాటి ఉత్సాహాన్ని అదుపు చేయడం కష్టం. జాతి కంటే గుణం ముఖ్యం. మొరగకూడదు, మూతి దగ్గర తవ్వకూడదు, చెప్పినచోట కూర్చోవాలి, పట్టినదాన్ని నలపకుండా ప్రాణంతో తెచ్చివ్వాలి. అన్నింటికన్నా ముందు ఫెరెట్ జోలికి పోకూడదు. దీనికి కుక్కపిల్లను ఫెరెట్ల గూడు దగ్గరే పెంచండి. గొలుసు పట్టుకుని, అవి తిరుగుతుంటే పక్కన కూర్చోబెట్టండి. ఫెరెట్ వచ్చి మూతి మీద గిల్లినా కుక్క తల తిప్పుకునేదాకా ఈ సాధన ఆపొద్దు. ఆ నమ్మకం కుదరనిదే పొలానికి తీసుకెళ్లకండి.

సామాను

పర్స్ నెట్ అంటే సంచీలా మూసుకునే చిన్న వల. మూడు నాలుగు అడుగుల పొడవు, రెండు అంగుళాల కన్ను, రెండు చివర్లా ఒక్కో రింగు, చుట్టూ జారే తాడు, ఆ తాడుకు ఒక మేకు. కుందేలు గుద్దుకోగానే తాడు జారి, వల మూతి బిగుసుకుంటుంది. నైలాన్ వల తడిసినా పాడవదు. జనపనార వల చేతికి హాయిగా ఉండి నేల మీద చక్కగా పడుకుంటుంది గానీ ప్రతిసారీ ఆరబెట్టుకోవాలి. చిన్న గట్టుకు కూడా పాతిక వలలైనా దగ్గర పెట్టుకోండి.

పొదలు దట్టంగా ఉండి మూతులు కనబడని చోట లాంగ్ నెట్ వాడతారు. ఇది పొడవాటి వల. నాలుగైదు గజాలకొక కర్ర పాతుతూ పొద చుట్టూ వదులుగా కట్టాలి. బిగుతుగా కడితే కుందేలు తగిలి వెనక్కి ఎగిరిపడుతుంది. వదులుగా వేలాడే వలలోనే చిక్కుకుంటుంది.

లొకేటర్ లేకుండా ఫెరెట్‌ను దించకండి. మెడకు కట్టే చిన్న కాలర్ సిగ్నల్ పంపుతుంది, చేతిలోని పరికరం అది ఎక్కడ ఎంత లోతులో ఉందో చూపిస్తుంది. బ్యాటరీ ఇంటి దగ్గరే మార్చుకోండి. సన్నని అలుగు ఉన్న పార, కొమ్మలు కోసే కత్తెర, మంచి చాకు, గాలి ఆడే పెట్టెలో పొడిగడ్డి, తాగడానికి నీళ్లు తీసుకెళ్లాలి.

ఎప్పుడు, ఎక్కడ

అక్టోబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా అనుకోండి. అందులోనూ జనవరి, ఫిబ్రవరి మేలు. అప్పటికి దురదగొండి ఆకులు, ఫెర్న్ పొదలు చచ్చి మూతులన్నీ బయటపడతాయి. వసంతంలో కుందేళ్లు ఈనుతాయి. కళ్లు తెరవని పిల్లలు దొరికితే ఫెరెట్ అక్కడే తిని నిద్రపోతుంది. పాలిచ్చే తల్లులను చంపి పిల్లలను మాడ్చడం నాకు ఇష్టం లేదు కూడా. మంచు పేరుకున్న ప్రశాంతమైన ఉదయం అన్నిటికన్నా మంచిది. గాలివాన ఉన్నరోజు వెళ్లొద్దు.

ముందొకసారి ఉత్తచేతులతో పొలం తిరిగి రండి. వాడుకలో ఉన్న మూతి నున్నగా అరిగి, సాలెగూడు లేకుండా ఉంటుంది. ముందు కొత్తగా గీరిన మట్టి, తడి ఆరని పెంటికలు, గడ్డిలో నడిచిన దారి కనిపిస్తాయి. పొదల అడుగున, చెట్టు వేళ్ల మధ్య ఉండే చిన్న మూతులను జాగ్రత్తగా వెతకండి. కుందేలు ప్రాణభయంతో పారిపోవడానికి ఉంచుకునే దారులు అవే. అడ్డొచ్చే కంపను కూడా ఆ రోజే నరికేయండి. వేట రోజు నరికితే ఆ చప్పుడుకే లోపలున్నవన్నీ మేలుకుంటాయి. నార్ఫోక్, సఫోక్ ఇసుకనేలల్లో తవ్వడం సులువు. బంకమన్ను, రాతినేలల్లో చెట్ల వేళ్ల కింది బొరియల జోలికి మొదట్లో వెళ్లకండి.

వల పరిచే తీరు

గాలికి ఎదురుగా వెళ్లండి. కారు దూరంగా ఆపి, తలుపు మెల్లగా వేయండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. నేల కింద ఉన్న కుందేలుకు మన మాటకంటే అడుగు చప్పుడు ఎక్కువ తెలుస్తుంది. మాట్లాడే అవసరం ఉంటే సైగ చేయండి. ఇద్దరు చాలు, నలుగురు ఎక్కువ.

కింది రింగు మూతి అడుగున, లోపలి వైపు కొంచెం దించి పెట్టాలి. పై రింగు మూతి పైభాగాన ఉండాలి. మధ్యలో వలను విప్పి, మూతి అంచులన్నీ కప్పేలా వదులుగా పరవాలి. మేకును పైవైపు గానీ పక్కకు గానీ గట్టి నేలలో చేత్తో నొక్కి దించండి, సుత్తితో కొట్టకండి. తాడు జారే దారిలో పుల్ల, ముల్లు, రాయి ఏదీ ఉండకూడదు. వలలో చిక్కుకునే కుందేళ్లకంటే, తాడుకు అడ్డుపడిన పుల్ల వల్ల తప్పించుకునేవే నన్ను ఎక్కువ బాధపెడతాయి, ఎందుకంటే అది పూర్తిగా మన చేతిలో ఉన్న పని. అన్ని వలలూ అయ్యాక ఒక్కసారి చుట్టూ చూసుకోండి. మిగిలిన వలలు నడుముకు వేలాడుతూ ఉండాలి.

ఫెరెట్‌ను దించడం

కాలర్ బిగించి, ఒక్క వేలు కష్టంగా దూరేంత బిగువు చూసి, లొకేటర్ పనిచేస్తోందని సరిచూసుకోండి. వల అంచు ఎత్తి, ఫెరెట్‌ను మూతి ముందు వదిలి, వల మళ్లీ సర్దండి. తోయకండి, తన ముక్కుతో తనే నిర్ణయించుకుంటుంది. తోక బ్రష్‌లా ఉబ్బితే లోపల కుందేలు వాసన తగిలిందని అర్థం. ముందు ఒకదాన్ని దించి, పెద్ద బొరియ అయితే కాసేపటికి రెండోదాన్ని ఇంకో చివర నుంచి వదలండి.

మూతుల ఎదురుగా నిలబడొద్దు. వాటి వెనక, పైన, మీ నీడ వల మీద పడనిచోట నిలబడండి. కుక్క మీ కాళ్ల దగ్గర కూర్చోవాలి. ఇక కదలొద్దు. కొంతసేపటికి కాళ్ల కింద నేలలో మొద్దుబారిన చప్పుడు వినిపిస్తుంది. కుందేలు వెనకకాలితో నేలను కొట్టి మిగతావాటిని హెచ్చరిస్తోంది. ఆ తర్వాత ఉన్నట్టుండి ఒక వల ఎగిరిపడుతుంది.

చకచకా చేరుకుని, ముందు కుందేలును రెండు చేతులా అదిమి పట్టండి. వెంటనే ఖాళీ అయిన మూతిని పాదంతో మూసి, నడుముకున్న ఇంకో వల అక్కడ పరవండి. ఒకదాని వెనకే ఇంకోటి రావడం మామూలే. వలలో పడిన క్షణం నుంచీ ఆ జీవి మీ అదుపులో ఉంది. దానికి అనవసరమైన బాధ కలిగిస్తే 2006 జంతు సంక్షేమ చట్టం కింద నేరం. మెడ ఎముక ఒక్క కదలికలో విడిపోయేలా చంపడం అనుభవమున్న వేటగాడి పక్కన నిలబడి, చచ్చిన కుందేలు మీద నేర్చుకున్నాకే బతికినదాని మీద చేయి వేయాలి. అది చదివి వచ్చే విద్య కాదు. మీ చేయి మీద మీకు నమ్మకం కుదిరేదాకా ఆ పని ఆయనకే వదిలేయండి.

కళ్లు ఉబ్బి, రసి కారుతూ మందకొడిగా ఉన్న కుందేలు దొరికితే అది మిక్సొమాటోసిస్. 1953లో కెంట్‌లో మొదలై రెండేళ్లలో బ్రిటన్ కుందేళ్లలో 95 శాతానికి పైగా తుడిచిపెట్టిన జబ్బు అది. ఆ జీవికి వెంటనే విముక్తి ఇవ్వండి, మాంసం మాత్రం వాడకండి.

ఫెరెట్ బయటికి రాకపోతే

కంగారు వద్దు. పది నిమిషాలు ఆగి లొకేటర్‌తో వెతకండి. ఒకేచోట కదలకుండా ఉంటే, దారి లేని మూలలో కుందేలును ఇరికించి ఉంటుంది. సిగ్నల్ అత్యంత బలంగా ఉన్నచోట గుర్తుపెట్టి, లోతు చూసి తవ్వండి. చివరి అడుగు మాత్రం పార పక్కన పెట్టి చేత్తో మట్టి తీయాలి, లేకపోతే పార దెబ్బ ఫెరెట్‌కే తగులుతుంది. సొరంగం బయటపడ్డాక ఫెరెట్‌ను ముందు తీసి పెట్టెలో వేసి, తర్వాత చేయి లోపలికి పెట్టి కుందేలును తీయండి. ఫెరెట్ గోళ్లలో బొచ్చు ఉండి చేతికి ఏమీ తగలకపోతే, ఇంకాస్త ముందుకు తవ్వి చూడండి. కుందేలు ఆ పక్కనే ఉంటుంది.

ఆ గొయ్యి పూర్తిగా పూడ్చి, తొక్కి గట్టి చేయండి. ఆవో గుర్రమో కాలు దిగబడి విరగ్గొట్టుకుంటే, రైతు మిమ్మల్ని మళ్లీ పొలంలో అడుగుపెట్టనివ్వడు. అలా అనడం న్యాయమే.

చీకటి పడుతున్నా ఫెరెట్ రాకపోతే మిగతా మూతులు మట్టితో మూసి, అది దిగిన మూతి దగ్గర దాని పెట్టెను, దాని పాత గడ్డితో, కొంచెం మాంసంతో తెరిచి ఉంచండి. తెల్లవారకముందే వెళితే తరచుగా పెట్టెలోనే ముడుచుకుని ఉంటుంది.

మాంసం, ఇంటి పని

కుందేలు వేడిగా ఉండగానే పొట్ట కింది భాగాన్ని బొటనవేలితో నొక్కి మూత్రం బయటికి పంపాలి. తర్వాత పొట్ట కోసి పేగులు తీసేయాలి. కాలేయం నున్నగా ముదురు ఎరుపులో ఉండాలి. తెల్లమచ్చలు ఉంటే ఆ కుందేలును వండకండి. ఒక వెనక కాలి నరానికీ ఎముకకీ మధ్య గాటు పెట్టి, రెండో కాలు అందులోంచి దూర్చితే కర్రకు తగిలించుకోవచ్చు. ఒకదానికొకటి ఆనకుండా గాలి తగిలేలా వేలాడదీయండి.

అడవి కుందేలు మాంసంలో కొవ్వు చాలా తక్కువ. లేతదైతే అల్లం, వెల్లుల్లి, మిరియాలతో మూకుడులో వేపుడు చేయొచ్చు. ముదురుదాన్ని పెరుగులో రాత్రంతా నానబెట్టి, కుక్కర్‌లో నాలుగైదు విజిల్స్ రానిచ్చి, తర్వాత మసాలా వేసి దగ్గరికి రానివ్వండి. సన్నని ఎముకలు ఎక్కువ, పిల్లలకు పెట్టేటప్పుడు చూసుకోండి.

మీరు తినేముందు ఫెరెట్లకు నీళ్లు, తిండి పెట్టండి. గోళ్లు, చెవులు, పాదాలు చూసి, పురుగులు అంటుకుని ఉంటే తీసేయండి. కాలర్ విప్పండి. వలల్లోంచి పుల్లలు ఏరి, తడి ఆరేలా తగిలించండి. మార్చి రాగానే జిల్‌లను పశువుల డాక్టర్‌కు చూపించాలి. ఎదకు వచ్చిన జిల్, మగదానితో కలవకపోతే నెలల తరబడి అలాగే ఉండిపోతుంది. ఎద హార్మోన్ పెరిగి రక్తహీనతతో చనిపోవచ్చు కూడా. ఇంజెక్షన్, ఇంప్లాంట్, లేదా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన హాబ్‌తో కలపడం, ఈ మూడింటిలో మీ దానికి ఏది సరిపోతుందో డాక్టర్‌ను అడిగి ఆ నెలలోనే చేయించండి.